రెండు మార్పులు, ఒకే ఒళ్లు

నలభై ఐదేళ్లు దాటిన ఆడమనిషి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదన్నా, ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు కమ్ముతున్నాయన్నా, మెడా భుజాలూ పట్టేస్తున్నాయన్నా, కారణం లేకుండా ఏడుపొస్తోందన్నా ఇంట్లోనూ ఆస్పత్రిలోనూ వినిపించే జవాబు ఒకటే: వయసు. ఆ మనిషి దేశంకాని దేశంలో ఉంటే దానికి ఇంకో జవాబు తోడవుతుంది: ఇక్కడి పద్ధతులకి ఇంకా అలవాటు పడలేదు. ఈ రెండింటిలోనూ కొంత నిజం ఉంది కాబట్టే ఎవరూ వాటిని దాటి ఆలోచించరు. ముట్లుడిగే దశ, వలస అనే రెండు పెద్ద మార్పులు ఒకే ఒంటిమీద ఒకే కాలంలో వచ్చి పడితే ఒకదాని గుర్తులు రెండోదాని వెనక దాక్కుంటాయి. నిద్ర పట్టకపోవడం ఈస్ట్రోజెన్ తగ్గడం వల్ల కావచ్చు, రాత్రి షిఫ్టు వల్ల కావచ్చు, వేల మైళ్ల అవతల మంచం పట్టిన తల్లి గురించిన దిగులు వల్ల కావచ్చు, మూడూ కలిసీ కావచ్చు. దేన్ని ఎంత లెక్కలోకి తీసుకోవాలో తేల్చడానికి శాస్త్రజ్ఞులు అరవై ఏళ్లుగా కుస్తీ పడుతున్నారు. వాళ్ల ఫలితాలన్నీ దగ్గర పెట్టుకుని చదివితే నాకు తేలిన విషయం ఇది: కొత్త సంస్కృతిలోకి ఆమె ఎంత మారింది అన్న లెక్కతో ఆమె ఆరోగ్యం తేలదు. ఆ వలస ఆమె చేతిలోంచి ఏం లాక్కుంది, ఆమెకి ఏం ఇచ్చింది, ఆ నిర్ణయాల్లో ఆమె మాట ఎంతవరకు చెల్లింది అన్నవి చూడాలి.

ఈ చర్చకి మూలంలో ఒక పేరున్న పరిశోధన ఉంది. 1965లో మొదలైన ‘నిహోన్‌సాన్’ అధ్యయనం జపనీయుల్లో హిరోషిమా, నాగసాకిల్లోనే ఉండిపోయినవారినీ, హవాయిలోని హొనొలులుకి వెళ్లినవారినీ, శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లో స్థిరపడినవారినీ పక్కపక్కన పెట్టి చూసింది. గుండెజబ్బు జపాన్‌లో తక్కువ, హవాయిలో మధ్యస్థం, కాలిఫోర్నియాలో ఎక్కువ. వంశం ఒకటే, నేల మారింది, జబ్బు మారింది. 1976లో మైకేల్ మార్మాట్, లెనర్డ్ సైమ్ కాలిఫోర్నియాలోని 3,809 మంది జపనీయుల వివరాలు విడదీసి చూసి ఇంకో మెట్టు ముందుకెళ్లారు. జపాన్ పద్ధతుల్నీ సమాజాన్నీ గట్టిగా పట్టుకుని బతుకుతున్నవారిలో గుండెజబ్బు దాదాపు జపాన్‌లో ఉన్నంత తక్కువగానే ఉంది. అమెరికన్ జీవితంలోకి బాగా జరిగిపోయినవారిలో అది మూడు నుంచి ఐదు రెట్లు ఎక్కువ. పొగతాగడం, రక్తపోటు, కొలెస్ట్రాల్ లాంటివాటిని లెక్కలోంచి తీసేసినా ఆ తేడా పోలేదు. అప్పటినుంచి వలస, ఆరోగ్యం అనగానే అందరి మనసులోనూ ఒక సూటిగీత స్థిరపడిపోయింది. మనదాన్ని ఎంత నిలుపుకుంటే అంత ఆరోగ్యం, ఎంత వదులుకుంటే అంత అనారోగ్యం. ప్రవాసులకి పెద్దలు చెప్పే సలహాలన్నిటిలోనూ ఈ గీతే ఉంటుంది. అయితే ఆ అధ్యయనంలో చూసినదంతా మగవాళ్లని.

ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ గీత వంగిపోతుంది. అమెరికాలో స్థిరపడిన దక్షిణాసియా వారి గుండె ఆరోగ్యాన్ని చాలా ఏళ్లుగా వెంబడిస్తున్న ‘మసాలా’ అధ్యయనం 2010-13 మధ్య శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలోనూ షికాగోలోనూ 40 నుంచి 84 ఏళ్ల వయసున్న 906 మందిని చేర్చుకుంది. వాళ్లలో భారతీయులే అత్యధికులు, చదువుకున్నవాళ్లే ఎక్కువ. తిండి, పండగలు, స్నేహాలు, పెళ్లిళ్ల మీద అభిప్రాయాలు, ఉపవాసాలు అన్నీ అడిగి ఆ పరిశోధకులు మనుషుల్ని మూడు గుంపులుగా చూశారు: తమవాళ్లతోనే ఉండిపోయినవారు, అమెరికన్ జీవితంలో కలిసిపోయినవారు, రెండిటినీ పట్టుకున్నవారు. జపాన్ గీతే నిజమైతే మొదటి గుంపు ఆరోగ్యంగా ఉండాలి. ఆడవాళ్లలో సరిగ్గా తిరగబడింది. తమవాళ్లతోనే ఉండిపోయిన స్త్రీలలో షుగర్ ఎక్కువ, కలిసిపోయినవారిలో తక్కువ. దీనికి తోడు ఇదే బృందం ఫలితాల్ని చెన్నైలో ఉంటున్న అదే వయసువాళ్లతో పోల్చి 2015లో ప్రచురించిన ఇంకో వ్యాసం ఉంది. వయసుల తేడా సర్దుబాటు చేశాక చెన్నైలో షుగర్ ఉన్నవారు 38 శాతం, అమెరికాలో 24 శాతం. పరాయిదేశం వెళ్లి ఒళ్లు పాడుచేసుకున్నారు అనే మాటకి ఈ ఒక్క పోలికతోనే పునాది కదిలిపోతుంది. వెళ్లకుండా ఉన్నచోటే ఉన్నా మన నగరాల్లో జీవితం మారిపోయింది, పాలిష్ బియ్యం పెరిగాయి, నడక తగ్గింది. స్వస్థలం అంటే అమ్మమ్మ కాలంలో ఆగిపోయిన ఊరు అనుకుని దానితో పోలిస్తే లెక్క ఎప్పుడూ తప్పుతుంది.

మరి మార్మాట్ తేల్చినది తప్పా? కాదు. సంప్రదాయాన్ని నిలుపుకోవడం అన్న మాట మగవాడి విషయంలో కొలిచేది ఒకటి, ఆడమనిషి విషయంలో కొలిచేది ఇంకొకటి. కాలిఫోర్నియాలో జపనీయ పద్ధతిలో బతికిన మగవాడికి ఆ సంప్రదాయం చుట్టూ ఒక సమాజాన్ని ఇచ్చింది, కష్టంలో ఆదుకునే సంఘాన్ని ఇచ్చింది, ఇంటికి రాగానే అలవాటైన వంట ఇచ్చింది. ఆ వంట వండినదీ, ఆ పండగ నిలబెట్టినదీ, ఆ చుట్టరికాలు ఉత్తరాలతో కాపాడినదీ ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే. ఒకరికి రక్షణ అయినది ఇంకొకరికి పని. ‘మసాలా’లో తమవాళ్లతోనే ఉండిపోయిన గుంపులో ఒక స్త్రీ ఉందంటే ఆమె అప్పాలూ పచ్చళ్లూ మానలేదు అని మాత్రమే అర్థం కాదు. ఇంగ్లీషు మాట్లాడే అవసరమే రాని జీవితం, కారు నడపని జీవితం, సొంత సంపాదన లేని జీవితం ఆ గుంపులో ఎక్కువగా పడతాయి. అమెరికా శివారు కాలనీల్లో కారు లేకపోతే కూరగాయల దుకాణానికైనా వెళ్లలేరు. చాలాచోట్ల రోడ్డు పక్కన నడిచే బాట కూడా ఉండదు. రోజుకి నాలుగుసార్లు మెట్లెక్కి దిగి, రైతుబజారుకి నడిచి, గుడికి వెళ్లి, పక్కింటామెతో అరుగుమీద కూర్చున్న మనిషికి అవన్నీ ఒక్కసారిగా ఆగిపోతే, తినేది అదే అన్నం అయినా కండరాల్లోకి చక్కెర వెళ్లే తీరు మారిపోతుంది. ఈస్ట్రోజెన్ తగ్గే వయసులో కొవ్వు పిరుదుల నుంచి పొట్టలోకి చేరడం ఎలాగూ మొదలవుతుంది. మన దక్షిణాసియా ఒళ్లు సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు దాచుకునే ఒళ్లు. అందుకే బరువు సూచీ 23 దాటగానే ఆసియా వారిని జాగ్రత్తగా చూడాలని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు సూచించారు. అమెరికా మధుమేహ సంఘం 2015లో ఆ అంకెనే పరీక్షలకి హద్దుగా తీసుకుంది.

చట్టం కూడా ఇందులో ఒక చెయ్యి వేస్తుంది. హెచ్-1బీ ఉద్యోగి భార్యగా హెచ్-4 వీసా మీద వెళ్లిన స్త్రీకి 2015 మే వరకు అమెరికాలో ఉద్యోగం చేసే హక్కే లేదు. ఆ తర్వాతైనా భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే అనుమతి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంజనీరుగా, లెక్చరర్‌గా పనిచేసిన మనిషి ముప్ఫైల్లో వెళ్లి, పిల్లల్ని పెంచి, నలభై ఐదుకి చేరేసరికి ఆమె రెజ్యూమేలో పదిహేనేళ్ల ఖాళీ. పిల్లలు కాలేజీకి వెళ్లిపోయే ఏడూ, నెలసరి తప్పడం మొదలయ్యే ఏడూ, ఊళ్లో తండ్రికి పక్షవాతం వచ్చే ఏడూ ఒకటే కావడం యాదృచ్ఛికం కాదు. ఆ తరం వలస జీవితాలు ఆ లెక్కనే నడుస్తాయి. అప్పుడు ఆమెకి వచ్చే దిగులుకి హార్మోన్లు ఒక కారణం అని నేను ఒప్పుకుంటాను. అవే కారణం అనడానికి మాత్రం ఒప్పుకోను.

ఈ మాట మన వాళ్ల విషయంలోనే నిజం కాదు. సోవియట్ యూనియన్ కూలాక అమెరికా వెళ్లిన నడివయసు స్త్రీల మీద షికాగో ప్రాంతంలో నర్సింగ్ శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధన ఉంది. ఆ స్త్రీలలో చాలామంది స్వదేశంలో వృత్తి ఉద్యోగాలు చేసినవారు. రష్యన్ అలవాట్లు ఎంత వదులుకున్నారన్నదాని కంటే రోజువారీ పనులకి ఇంగ్లీషు వాడగలుగుతున్నారా అన్నదానికే దిగులు తగ్గడంతో దగ్గరి సంబంధం కనిపించింది. బస్సు డ్రైవరుతో, మందుల షాపులో, కొడుకు టీచరుతో తన మాట తానే చెప్పుకోగలగడం అంటే ఆత్మ మార్చుకోవడం కాదు. అది చేతికి ఒక పనిముట్టు. ఆ పనిముట్టు ఉన్నవాళ్లు ఎవరి వంట వాళ్లు వండుకుంటూనే స్థిమితంగా ఉండగలిగారు. అమెరికాలో చిన్నాచితకా పనులు చేసుకునే కొరియా స్త్రీల మధ్య 1990ల చివర్లో ఉన్ ఓక్ ఇమ్, అఫాఫ్ మెలైస్ చేసిన పని నాకు ఇంకా లోతుగా తోస్తుంది. ముట్లుడగడం గురించి అడిగితే ఆ స్త్రీలు దాన్ని గుర్తు తెచ్చుకోవడానికే ఇబ్బంది పడ్డారు. వలస వచ్చాక బతుకుతెరువు పోరాటం ఎంత పెద్దదైందంటే, తమ ఒంట్లో జరిగిన మార్పుని గమనించే తీరికే వాళ్లకి లేకపోయింది. ఆవిర్లు వచ్చినా వంటింటి వేడి అనుకున్నారు. నొప్పులొస్తే పని వల్ల అనుకున్నారు. డాక్టరు దగ్గర ఈ స్త్రీలు ఏ ఇబ్బందీ లేనివాళ్లుగానే కనిపిస్తారు. లక్షణాలు చెప్పని మనిషికి లక్షణాలు లేవని రాసుకోవడం ఎంత సులువో!

ఇక్కడే గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. చెప్పడం, చెప్పకపోవడం మీద ఆధారపడిన పరిశోధనతో ఏం తేలుతుంది? ఒక సమాజంలో ఆవిర్ల గురించి మాట్లాడతారు, ఇంకో సమాజంలో మాట్లాడరు, అంతే కదా. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. 2006లో, తర్వాత 2009లో వెలువడిన ఒక బ్రిటిష్ పరిశోధన 45 నుంచి 55 ఏళ్ల స్త్రీల మూడు గుంపుల్ని పోల్చింది: బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న భారత ఉపఖండపు స్త్రీలు, అదే నగరంలోని తెల్లజాతి స్త్రీలు, ఢిల్లీ స్త్రీలు. ఆవిర్లూ రాత్రి చెమటలూ ఢిల్లీ వాళ్లలో తక్కువ. బర్మింగ్‌హామ్‌లో మనవాళ్లకీ తెల్లవాళ్లకీ పెద్ద తేడా లేదు. పైగా మొత్తం ఆరోగ్యం గురించి అడిగితే బర్మింగ్‌హామ్‌లోని మనవాళ్లే ఎక్కువ బాధలు చెప్పారు. గుంపుకి యాభై మంది చొప్పున ఉన్న చిన్న పరిశోధన ఇది. ఢిల్లీలో దొరికిన స్త్రీలు ఎక్కువ కలిగినవాళ్లు కావడం, ప్రశ్నల పద్ధతి బ్రిటన్‌లో పుట్టినది కావడం ఫలితాన్ని కొంత ఒకవైపుకి లాగి ఉండొచ్చు. దాన్ని ఒంటరిగా పెట్టి ఏమీ నిరూపించలేం. అయితే దీని సంగతి ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. మాట్లాడే అలవాటు వల్లే తేడా వచ్చిందంటే తెల్లవాళ్లతో సమానంగా ఆవిర్లు చెప్పినవాళ్లు సాధారణ ఆరోగ్యంలో కూడా తెల్లవాళ్లలాగే చెప్పి ఉండాలి. వాళ్లు అంతకంటే ఎక్కువ బాధ చెప్పారు. ఆ అదనపు బాధకి ఆవిర్లు సరిపోవు. బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల్లో, కుట్టుపనిలో, కిక్కిరిసిన ఇళ్లలో గడిచిన వలస జీవితాన్ని కూడా లెక్కలోకి తేవాలి.

రెండో అభ్యంతరం జన్యువులది. అమెరికాలో ‘స్వాన్’ అనే పెద్ద అధ్యయనం 1996 నుంచి 42-52 ఏళ్ల స్త్రీలు 3,302 మందిని వెంబడించింది. తరచూ ఆవిర్లు వచ్చినవారిలో అవి మధ్యగత లెక్కన 7.4 ఏళ్లపాటు ఉన్నాయని, నల్లజాతి స్త్రీలలో 10.1 ఏళ్లు, జపాన్ మూలాల స్త్రీలలో 4.8 ఏళ్లు, చైనా మూలాల స్త్రీలలో 5.4 ఏళ్లు అని 2015లో తేల్చింది. అందరూ ఉన్నది ఒకే దేశంలో కాబట్టి తేడా రక్తంలోనే ఉందనిపిస్తుంది. అదే అధ్యయనంలో ఒత్తిడి ఎక్కువ ఉన్నవారికీ, చదువు తక్కువ ఉన్నవారికీ, ఆందోళన ఉన్నవారికీ ఆవిర్లు ఎక్కువ ఏళ్లు వేధించాయని కూడా ఉంది. నల్లజాతి స్త్రీకి అమెరికా ఇచ్చినదీ జపాన్ మూలాల స్త్రీకి ఇచ్చినదీ ఒకే జీవితం కాదు. జన్యువుల వాటాని నేను కాదనను. దాన్ని పరీక్షించడానికి వలస కంటే మంచి ప్రయోగశాల లేదు, ఎందుకంటే అక్కడ జన్యువులు మారకుండా మిగతావన్నీ మారతాయి. 1993లో రెజీనా జీగ్లర్ బృందం కాలిఫోర్నియాలోనూ హవాయిలోనూ చైనా, జపాన్, ఫిలిప్పీన్స్ మూలాల స్త్రీలలో రొమ్ము క్యాన్సర్‌ని పరిశీలించింది. అమెరికాలో పుట్టినవారికి ఆసియాలో పుట్టినవారి కంటే ముప్పు 60 శాతం ఎక్కువ. వలస వెళ్లినవారిలోనూ పదేళ్లకి మించి అక్కడ ఉన్నవారికి, కొత్తగా వచ్చినవారి కంటే 80 శాతం ఎక్కువ. వెళ్లకముందు పల్లెలో ఉన్నారా, పట్నంలో ఉన్నారా అన్నది కూడా కలిపి లెక్కేస్తే ముప్పు ఒక కొస నుంచి ఇంకో కొసకి ఆరు రెట్లు మారింది. రెండు మూడు తరాల్లో జన్యువులు అంతగా మారవు.

బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి లండన్ వెళ్లిన స్త్రీల మీద 2007లో వచ్చిన పరిశోధన దీనికి ఒక లోపలి అర చూపిస్తుంది. చిన్నపిల్లలుగా లండన్ చేరినవారి లాలాజలంలో ప్రొజెస్టరాన్ స్థాయి ఎక్కువ. పెద్దయ్యాక వెళ్లినవారిది దాదాపు సిల్హెట్‌లో ఉండిపోయినవారి స్థాయిలోనే ఉంది. అండాశయం చిన్నతనంలోనే, ఊళ్లోని తిండినీ జబ్బుల్నీ బట్టి తన వేగం కుదుర్చుకుంటుందని, తర్వాత ఎక్కడికి వెళ్లినా ఆ వేగాన్నే మోసుకెళుతుందని దీన్నుంచి అర్థమవుతుంది. నడివయసు వలస గురించి ఆలోచించేవాళ్లు దీన్ని పట్టించుకోవాలి. పాతికేళ్లకి అమెరికా వెళ్లిన స్త్రీ, ఎనిమిదేళ్లకి వెళ్లిన స్త్రీ, అక్కడే పుట్టిన ఆమె కూతురు యాభై ఏళ్లకి వచ్చేసరికి ఒకే ఇంటిపేరుతో మూడు రకాల ఒళ్లతో ఉంటారు. డాక్టరు కాగితంలో ముగ్గురూ ‘ఏషియన్’ అన్న ఒకే గడిలో పడతారు.

సంస్కృతి మార్చుకోమని చెప్పకుండానే ఆరోగ్యం మార్చిన ఉదాహరణ ఒకటి చరిత్రలో ఉంది. 1962లో గ్లాస్గో నగరంలో డన్నిగన్ అనే వైద్యుడూ సహచరులూ పాకిస్తాన్ నుంచి వలస వచ్చిన కుటుంబాల్లో పిల్లలకి రికెట్స్, పెద్దవాళ్లకి ఎముకలు మెత్తబడే జబ్బు ఉన్నట్టు గుర్తించారు. గ్లాస్గో ఉత్తరాన దాదాపు 56వ అక్షాంశం మీద ఉంది. అక్టోబరు నుంచి మార్చి వరకు అక్కడి ఎండలో చర్మం విటమిన్ డి తయారుచేసుకునేంత అతినీలలోహిత కిరణాలు ఉండవు. చామనచాయ చర్మానికి తెల్లచర్మం కంటే ఎక్కువసేపు ఎండ కావాలి. ఒళ్లంతా కప్పే బట్టలు, ఇంట్లోనే గడిచే రోజు, పొట్టుతో కూడిన గోధుమ రొట్టెల్లోని ఫైటేట్లు కాల్షియంని పట్టి ఉంచడం అన్నీ కలిశాయి. వాళ్ల తిండీ బట్టా మార్చాలా, వాళ్లకి విటమిన్ ఇవ్వాలా అన్న వాదన సాగింది. 1979లో గ్లాస్గోలో ఆసియా పిల్లలకి ఉచితంగా విటమిన్ డి ఇవ్వడం మొదలుపెట్టారు. ఏ తల్లీ తన దుపట్టా తియ్యలేదు, ఎవరూ రొట్టె మానలేదు. రికెట్స్‌తో ఆస్పత్రిలో చేరే పిల్లల సంఖ్య బాగా తగ్గింది. మనకి ఇది దూరపు కథ కాదు. నడినెత్తిన ఎండ కాసే తిరుపతిలో స్విమ్స్ ఆస్పత్రి వైద్యుడు హరినారాయణ్, ఆయన బృందం 2000ల్లో పరీక్షిస్తే ముట్లుడిగిన స్త్రీలలో చాలామందికి విటమిన్ డి తక్కువగా ఉంది. అంటే మన ఆడవాళ్లు టొరంటోకో డబ్లిన్‌కో విమానం ఎక్కేటప్పటికే లోటుతో ఎక్కుతున్నారు. ముట్లుడిగాక మొదటి కొన్నేళ్లలోనే ఎముక వేగంగా పలుచబడుతుంది. ఆ ఏళ్లే చలిదేశంలో గడిస్తే ఏమవుతుందో చెప్పడానికి సంస్కృతి గురించి చర్చ అక్కర్లేదు, రక్తపరీక్ష చాలు.

ఇక తరచూ వినిపించే మూడో అభ్యంతరం: వలస వెళ్లేది ఆరోగ్యవంతులే, అందుకే స్థానికుల కంటే వలసవాళ్ల మరణాలు తక్కువ, మరి ఈ గోల ఎందుకు? వలసలో ఈ ఎంపిక ఉన్నమాట నిజమే, చాలా దేశాల లెక్కల్లో కనిపిస్తుంది. అయితే ఎంపిక జరిగేది వీసా ఎవరి పేరున వచ్చిందో వారికి. భార్యగా వెళ్లే స్త్రీని ఎవరూ అలా ఏరి పంపరు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ మొదటి ఆరోగ్యం కరిగిపోతుంది కూడా, నడివయసు అంటే అది కరిగే వేళ. అసలు ఈ ఎంపికలోకే రాని పెద్ద గుంపు ఒకటి మన కళ్లముందు ఉంది. కూతురి ప్రసవానికి, కోడలి ప్రసవానికి సందర్శక వీసా మీద ఆరేసి నెలలు అమెరికా వెళ్లే యాభైల్లో, అరవైల్లో ఉన్న తల్లులు. అధ్యయనాల్లో వీళ్లని వలసవాళ్లుగా లెక్కపెట్టడం అరుదు. ఆవకాయ, కరివేపాకు పొడి, బాలింత కోసం కట్టిన కాయం మూట పక్కన ఆరునెలల బీపీ మాత్రలూ షుగర్ మాత్రలూ సూట్‌కేసులో సర్దుకుని వెళతారు. కొనే ప్రయాణ బీమాల్లో చాలావాటికి పాత జబ్బులు వర్తించవు, అందుకని ఛాతీలో పట్టేసినట్టుంటే గ్యాస్ అని సర్దుకుంటారు. ఖర్చు పిల్లల మీద పడుతుందన్న భయం వాళ్ల నోరు నొక్కేస్తుంది. రాత్రి పసిపిల్లతో జాగారం, పగలు అందరికీ వంట, ఇండియాలో భర్త నిద్రలేచే వేళకి ఫోను. ఆరునెలల తర్వాత తిరిగొచ్చిన ఆమె ఒళ్లు ఎంత అరిగిందో అమెరికా లెక్కల్లో ఉండదు, మన లెక్కల్లోనూ ఉండదు.

మాట దగ్గర జరిగే నష్టం ఇంకోటి. తల్లికి ఇంగ్లీషు రాకపోతే చాలాసార్లు కొడుకే డాక్టరు ముందు దుబాసీ. ముట్లాగిపోయిన ఏడాది తర్వాత మళ్లీ రక్తస్రావం కనిపిస్తే అది గర్భసంచి క్యాన్సర్‌కి తొలి గుర్తు కావచ్చు, వెంటనే చూపించాలి. కొడుకు ఎదుట ఆ మాట ఏ తెలుగు తల్లి అంటుంది? కాస్త నడుంనొప్పి అంటుంది. కొడుకు దాన్నే ఇంగ్లీషులో చెబుతాడు. డాక్టరు నొప్పి మాత్ర రాస్తాడు. ఈ గదిలో ఎవరూ తప్పు చెయ్యలేదు, అయినా జబ్బు బయటికి రాలేదు. దీన్ని సాంస్కృతిక సంకోచం అని పేరుపెట్టి ఆమె మీదికే నెట్టెయ్యడం అన్యాయం. ఫోనులో ఒక తెలుగు దుబాసీ స్త్రీ ఉంటే ఆ సంకోచం ఉన్నా మాట బయటికొచ్చేది.

అమెరికా గురించే ఇంత చెప్పి ఆగిపోతే నా వాదన సగం కుంటుపడుతుంది. రాయచోటి, రాజంపేటల నుంచి, ఉభయగోదావరి పల్లెల నుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్లే స్త్రీలు కూడా నడివయసు వలసవాళ్లే. చదువు తక్కువున్నవారికి ఇచ్చే పాస్‌పోర్టుతో గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్లాలంటే మన ప్రభుత్వ నిబంధన ప్రకారం స్త్రీకి 30 ఏళ్లు నిండాలి, కాబట్టి కాంట్రాక్టు మీద కాంట్రాక్టు ముగిసేసరికి నలభై దాటుతుంది. కువైట్ 2015లో తెచ్చిన 68వ నంబరు చట్టం ఇంటిపనివారికి రోజుకి 12 గంటలు మించి పని వద్దంది, వారానికి ఒక సెలవు ఇమ్మంది. తలుపు వెనక జరిగే పనికి ఆ చట్టం ఎంత చేరుతుందో ఆ ఊళ్లలో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. వీళ్ల విషయంలో సంస్కృతికి అలవాటు పడటం అన్న మాటే దాదాపు అర్థంలేనిది. అరబ్బీ నేర్చుకుంటారు, అక్కడివాళ్ల మచ్బూస్ అన్నం వండుతారు, ఆ ఇంటి పిల్లల్ని పెంచుతారు, ఇంతకంటే ఎంత అలవాటు పడతారు? వాళ్లకి లేనిది పని మానేసి ఇంకోచోటికి వెళ్లే హక్కు, డాక్టరు దగ్గరికి తాముగా వెళ్లే దారి. పైగా మన రెండు రాష్ట్రాలకి ఒక ప్రత్యేకమైన భారం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3 శాతం పైచిలుకు, ఆంధ్రలోనూ తెలంగాణలోనూ 8 శాతం దాటి. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగే దశ ఒక్కరోజులో వచ్చి పడుతుంది. వాటిని ఉంచినా మామూలు కంటే కొన్నేళ్లు ముందే అవి అలసిపోవచ్చు. నెలసరే లేని మనిషికి ఆ మార్పు ఎప్పుడొచ్చిందో తెలిసే గుర్తు ఉండదు. ముప్ఫై ఎనిమిదేళ్లకి అలాంటి ఒంటితో గల్ఫ్ ఎండలో కార్పెట్లు దులిపే స్త్రీకి ఒళ్లు మండితే అది వేడి అనుకుంటుంది, ఎముక నొప్పి వస్తే పని అనుకుంటుంది. కొరియా స్త్రీలు అనుకున్నట్టే.

వలస కొందరు స్త్రీలకి మేలు చేసిందన్న మాటనీ నేను పూర్తిగా ఒప్పుకుంటాను. తాగుబోతు భర్త నుంచి, వంద కళ్లున్న ఉమ్మడి ఇంటి నుంచి బయటపడి, మొదటిసారి తన పేరున బ్యాంకు ఖాతా తెరిచి, పొద్దున్నే పార్కులో నడిచి, బీపీ తగ్గించుకున్న స్త్రీలు ప్రవాసంలో తక్కువేం కాదు. ‘మసాలా’లో కలిసిపోయిన గుంపు స్త్రీలకి షుగర్ తక్కువ ఉండటం వెనక ఇలాంటి జీవితాలు ఉండి ఉంటాయి. ఇది నా వాదనకి ఎదురు రాదు, దాని రెండో ముఖం. వలస ఇచ్చినచోట ఒళ్లు కోలుకుంటుంది, లాక్కున్నచోట అరుగుతుంది. అందుకే ముట్లుడిగే దశలో ఉన్న వలస స్త్రీని చూసే డాక్టరు ఆమె ఏం తింటోందో అడిగాక ఇంకో నాలుగు ప్రశ్నలు వెయ్యాలి: ఏ వయసులో వచ్చింది, ఏ వీసా మీద వచ్చింది, రోజులో ఎంతసేపు ఇంటి బయట నడుస్తుంది, ఆమె తరఫున మాట్లాడుతున్నది ఎవరు. కడపకి తిరిగొచ్చిన స్త్రీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వస్తే అక్కడి ఓపీ చీటీ మీద ఎన్నేళ్లు కువైట్‌లో ఉంది, గర్భసంచి ఉందా లేదా అన్న రెండు గడులు అచ్చువేయించడానికి పెద్ద ఖర్చు కాదు. గల్ఫ్‌కి వెళ్లేముందు చేసే మెడికల్ పరీక్షలో ఆమె పనికి పనికొస్తుందా అని మాత్రమే చూస్తారు. ఆ నివేదిక నకలు ఒకటి ఆమె చేతికే ఇచ్చి, తిరిగొచ్చినప్పుడు అవే పరీక్షలు ఉచితంగా మళ్లీ చేసి పోలిస్తే, ఆ దేశంలో ఆమె ఒళ్లు ఎంత ఖర్చయిందో మొదటిసారి కాగితం మీద కనిపిస్తుంది.